ఇంటి నుంచే పంతులమ్మ... లెక్క తేలేనా?

సాయంత్రం ఆరు దాటిందంటే కాజీపేటలో చాలా ఇళ్ల ముందు ఒకటే హడావుడి. ఫాతిమానగర్ కానివ్వండి, సోమిడి కానివ్వండి, రైల్వే క్వార్టర్లు కానివ్వండి... వరండాలో ఓ చాప, చాప మీద నలుగురైదుగురు పిల్లలు, ఎదురుగా కుర్చీలో ఓ టీచరమ్మ. నాన్న డ్యూటీ ఒకరోజు పగలు, ఒకరోజు రాత్రి. అమ్మకు ఇంటి పనితోనే సరి. పిల్లాడి హోంవర్కు చూసేది ట్యూషన్ టీచరే. జంక్షన్ ఊళ్లో ఇది తరాల నుంచీ ఉన్న అలవాటు.

ఆ చాప ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చేసింది. టీచరు కాజీపేటలో, పిల్లాడు కరీంనగర్‌లో. లేదంటే టీచరు సోమిడిలో, పిల్లాడు సిడ్నీలో. దాంతోపాటే ప్రకటనలూ వచ్చాయి. ‘ఇంట్లో కూర్చునే పాఠాలు చెప్పండి, నెలకు యాభై వేలు సంపాదించండి’ అని. బీఈడీ చేసి ఇంటి దగ్గరే ఉండిపోయిన ఇల్లాలికీ, ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పే మాస్టారికీ, ఎమ్మెస్సీ అయిపోయి పోటీపరీక్షల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికీ ఆ మాట చెవిన పడితే ఆశ పుట్టడం సహజం.

మరి నిజంగా డబ్బు వస్తుందా? వస్తుంది. కాకపోతే ప్రకటనలో చెప్పినంత సులువుగా కాదు, చెప్పినంత త్వరగానూ కాదు. ఎంత వస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి, గంటల లెక్క సరిగ్గా వేసుకోవడం. రెండోది, పెద్ద పెద్ద యాప్‌లు ఇవ్వలేనిదేదో మన దగ్గర ఉండటం. మొదటిది కాగితం, కలం ఉంటే తేలిపోతుంది. రెండోది చాలామంది దగ్గర ఉంది, ఉన్నట్టు వాళ్లకే తెలియదు.

చాప మడిచిన ఏడాది

2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల్లో ఫోన్ తెర మీదే తరగతులు. అప్పటిదాకా నల్లబల్ల తప్ప వేరే ఎరుగని టీచర్లు వారం తిరక్కుండానే జూమ్ నేర్చుకున్నారు. ఫోన్‌ని డబ్బాకు ఆనించి, పాత క్యాలెండరు వెనక్కి తిప్పి దాని మీద స్కెచ్ పెన్నుతో లెక్కలు చెప్పిన వాళ్లెందరో.

ఆ రోజుల్లోనే ఎంతోమంది ప్రైవేటు టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. కొందరు కూరగాయలు అమ్మారు, కొందరు కూలికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో అర్థం చేసుకోవచ్చు. ‘పాఠం చెప్పడం చేతనవును, చెప్పే బడే లేదు’ అన్న ఆ కష్టంలోంచే చాలామందికి ఓ ఆలోచన తట్టింది. బడి లేకపోయినా పిల్లలున్నారు, ఫోనుంది. మనమే ఎందుకు చెప్పుకోకూడదు?

బడులు తెరిచాక చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. కొందరు మాత్రం సాయంత్రం రెండు గంటలు ఆ ఫోన్ పాఠాన్ని వదల్లేదు. ఈ లెక్కంతా వాళ్లలాంటి వాళ్ల కోసమే.

ముందు నడిచినవాళ్లు

నిజానికి ఈ పని కరోనాతో పుట్టింది కాదు. 2004లో అమెరికాలోని బోస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న సల్మాన్ ఖాన్ అనే యువకుడు, దూరాన న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న కజిన్ నదియాకు ఫోన్‌లో, కంప్యూటర్‌లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత మిగతా చుట్టాల పిల్లలూ చేరారు. అందరికీ విడివిడిగా చెప్పే తీరిక లేక 2006లో యూట్యూబ్‌లో వీడియోలు పెట్టాడు. 2009లో ఉద్యోగం మానేశాడు. అదే ఖాన్ అకాడమీ. అయితే అది లాభం కోసం నడిపే సంస్థ కాదు, పాఠాలన్నీ ఉచితం.

డబ్బు సంపాదన కోణంలో చూస్తే మన దేశంలో ముందుగా చెప్పుకోవాల్సింది ట్యూటర్‌విస్టా గురించి. 2005లో బెంగళూరులో కృష్ణన్ గణేశ్ దీన్ని ప్రారంభించారు. మన టీచర్లు తమ ఇళ్లలోనే కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికా పిల్లలకు పాఠాలు చెప్పేవారు. నెలకు సుమారు 100 డాలర్లు కడితే ఎన్ని గంటలైనా చెప్పించుకోవచ్చన్నది అక్కడివాళ్లకు పెద్ద ఆకర్షణ. అక్కడ ఇంటికొచ్చి చెప్పే టీచరుకు రెండు మూడు గంటలకే అంత అయ్యేది మరి! 2011లో బ్రిటన్‌కు చెందిన పియర్సన్ సంస్థ దీంట్లో పెద్ద వాటా కొన్నది. 2017లో అది బైజూస్ చేతికి వెళ్లింది.

బైజూస్ కథ అందరికీ తెలిసిందే. కేరళలోని ఓ పల్లె నుంచి వచ్చిన బైజు రవీంద్రన్ పరీక్షలకు కోచింగ్ ఇస్తూ ఎదిగి, 2015లో యాప్ తెచ్చారు. 2022 నాటికి ఆ కంపెనీ విలువను 2,200 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. రెండేళ్లు తిరిగాయో లేదో, 2024 జులైలో కంపెనీ దివాలా విచారణలో పడింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. అదే సమయంలో ప్రయాగ్‌రాజ్‌లో 2016 నుంచి యూట్యూబ్‌లో ఫిజిక్స్ చెప్పుకుంటూ వచ్చిన అలఖ్ పాండే, తక్కువ ఫీజుతో ‘ఫిజిక్స్ వాలా’ నడిపి 2025 నవంబరులో దాన్ని స్టాక్ మార్కెట్ దాకా తీసుకెళ్లారు.

వీటిలో ఏ ఒక్కటీ కాజీపేట వరండాలోని టీచరమ్మకు నమూనా కాదు. వాళ్లది లక్షలమందికి ఒకే పాఠం అమ్మే వ్యాపారం. ప్రకటనలకు కోట్లు పోస్తేగానీ నడవదు. ఒక్క పాఠంతో లక్షమందికి చెప్పగలిగినవాళ్లు కొందరే ఉంటారు. ఒక్కో పిల్లాడి పక్కన కూర్చుని చెప్పేవాళ్లు మాత్రం ఊరూరా కావాలి. వరండా టీచరుకు చోటు ఉన్నది అక్కడే.

క.సా.గు. తెలిసినవాళ్లు కావాలి

ఆ చోటు ఎలా ఉంటుందో ఓ చిన్న ఉదాహరణతో చూద్దాం.

2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. ప్రైవేటు బడుల్లో అయితే ఎప్పటినుంచో ఇంగ్లిషే. పిల్లాడు ఇంటికొచ్చి ‘అమ్మా, ఎల్‌సీఎం రావట్లేదు’ అంటాడు. తెలుగు మీడియంలో పది దాకా చదువుకున్న తల్లికి ఆ మాట కొత్త. ‘నాకు రాదు బిడ్డా, మేడంని అడుగు’ అంటుంది. ఆవిడకి రాక కాదు. ఎల్‌సీఎం అంటే క.సా.గు. అని ఎవరూ చెప్పకపోవడం వల్ల. కనిష్ఠ సామాన్య గుణిజం ఆవిడ ఎన్నిసార్లు కట్టిందో! డినామినేటర్ అంటే హారం, న్యూమరేటర్ అంటే లవం అని తెలిస్తే సగం హోంవర్కు ఆవిడే చేయించగలదు.

పిల్లాడి ఇబ్బందీ అదే. ఆరో తరగతి పిల్లాడికి ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడమని ఇస్తే చాలామంది రాసే జవాబు రెండు బై అయిదు. పైవి పైవి కలిపాడు, కిందివి కిందివి కలిపాడు. యాప్ ఏం చేస్తుంది? ఎర్ర గీత పెట్టి, సరైన జవాబు అయిదు బై ఆరు అని చూపిస్తుంది. హారాలు సమానం చేసే పద్ధతిని వీడియోలో చెబుతుంది. పిల్లాడు చూస్తాడు, తల ఊపుతాడు, మరునాడు మళ్లీ రెండు బై అయిదే రాస్తాడు.

అనుభవం ఉన్న టీచరు జవాబు చెప్పదు. ‘అరె, సగం జొన్నరొట్టె నీ దగ్గరుంది. ఇంకో మూడోవంతు అక్క ఇచ్చింది. ఇప్పుడు నీ దగ్గర సగం కంటే ఎక్కువుందా, తక్కువుందా?’ అని అడుగుతుంది. ‘ఎక్కువే గదా మేడం’ అంటాడు వాడు. ‘మరి రెండు బై అయిదు సగం కంటే ఎక్కువా?’ అంటే ఒక్క క్షణం ఆగుతాడు. అయిదు ముక్కల్లో రెండు... సగం కంటే తక్కువ! రొట్టె కలిస్తే తగ్గడమేంటని వాడికే అనుమానం వస్తుంది. ఆ అనుమానం పుట్టాకే హారాలు ఎందుకు సమానం చేయాలో చెబితే తలకెక్కుతుంది.

ఆ ఒక్క ప్రశ్నకే ఫీజు. పిల్లాడు ఏ మెట్టు దగ్గర జారుతున్నాడో పట్టుకోవడం, వాడు ఇంట్లో మాట్లాడే మాటలోనే దాన్ని విప్పి, బడిలో రాయాల్సిన ఇంగ్లిష్‌లోకి తిరిగి చేర్చడం. బెంగళూరులోనో నోయిడాలోనో తయారైన పాఠానికి ఇది కష్టం. కాజీపేటలో తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ మీడియంలో చెబుతున్న టీచరుకు ఇది రోజువారీ పని. అందుకే ‘నా ఇంగ్లిష్ అంత బాగుండదు, ఆన్‌లైన్‌లో ఎవరొస్తారు’ అని వెనక్కి తగ్గేవాళ్లు మరోసారి ఆలోచించుకోవాలి. రెండు భాషల్లో లెక్క చెప్పగలగడం లోపం కాదు, సరుకే అది.

జవాబులు అమ్మితే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికాకు చెందిన చెగ్ అనే సంస్థ కోసం మన దేశంలో వేలమంది ఇంట్లో కూర్చుని కాలేజీ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు రాసి, ప్రశ్నకింత అని సంపాదించేవారు. చాట్‌జీపీటీ వచ్చింది. విద్యార్థులు అటు వెళ్తున్నారని కంపెనీయే ఒప్పుకోవడంతో 2023 మే నెలలో ఒక్కరోజులోనే దాని షేరు ధర దాదాపు సగానికి పడిపోయింది. 2025 అక్టోబరులో దాదాపు సగం మంది ఉద్యోగులను తీసేస్తున్నట్టు ప్రకటించింది. జవాబు ఇప్పుడు ఉచితం. పిల్లాడి నోటితో జవాబు చెప్పించడం మాత్రం ఉచితం కాలేదు.

నాలుగు దారులు

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పి సంపాదించడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది, సొంతంగా. తెలిసినవాళ్ల పిల్లలతో మొదలుపెట్టి, ఒకరి నోటి నుంచి ఒకరికి పాకడం. కమీషన్ లేదు, ఫీజు మొత్తం మనదే. పిల్లల్ని వెతుక్కోవడం, ఫీజు అడిగి తీసుకోవడం కూడా మన పనే.

రెండోది, టీచర్లనూ విద్యార్థులనూ కలిపే వెబ్‌సైట్లు. వీటిలో చేరే ముందు కమీషన్ సంగతి చదవాలి. భాషలు నేర్పే ప్రెప్లీనే తీసుకుంటే, కొత్త విద్యార్థితో తొలి ట్రయల్ క్లాసు డబ్బు పూర్తిగా సంస్థకే పోతుంది. ఆ తర్వాత 33 శాతం కమీషన్‌తో మొదలై, ఎక్కువ గంటలు చెప్పేకొద్దీ 18 శాతానికి తగ్గుతుంది. మరికొన్ని సైట్లు కమీషన్ తీసుకోవు, విద్యార్థి ఫోన్ నంబరు ఇచ్చినందుకు టీచరు దగ్గరే డబ్బు తీసుకుంటాయి. పదిమందికి ఫోన్ చేస్తే ఒకరు చేరినా, పది నంబర్లకూ ఖర్చు మనదే.

మూడోది, కంపెనీలో చేరి గంటల లెక్కనో నెల జీతానికో చెప్పడం. పిల్లల్ని వెతికే బాధ ఉండదు. కాకపోతే కంపెనీ బాగుంటేనే మనమూ బాగుంటాం. 2022 తర్వాత ఎంతమందికి ఉన్నపళంగా పని పోయిందో పత్రికల్లో చూశాం.

నాలుగోది, యూట్యూబ్. అందరికీ ముందు గుర్తొచ్చేది ఇదే, అన్నిటికంటే ఆలస్యంగా డబ్బు వచ్చేదీ ఇదే. ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. చిన్నపిల్లల కోసమే తీసిన వీడియోలకు 2020 నుంచి నిబంధనలు కఠినం చేశారు. వాటి మీద ప్రకటనల రాబడి తక్కువ. యూట్యూబ్‌ను జీతంగా కాక, గుమ్మానికి కట్టిన బోర్డులా అనుకోవడం మంచిది. ‘ఈ మేడం ఎలా చెబుతుందో చూడండి’ అని చూపించడానికి నాలుగు చిన్న వీడియోలు చాలు.

కాగితం మీద లెక్క

ఇప్పుడు అసలు విషయం. ఓ టీచరమ్మ సొంతంగా, ఒక్కొక్కరికి విడిగా చెబుతున్నారనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి గంటకు 300 రూపాయలు అనుకుందాం. రోజుకు మూడు గంటలు, నెలకు 22 రోజులు. అంటే 66 గంటలు, 19,800 రూపాయలు. ‘అబ్బో, మూడు గంటలకే ఇరవై వేలు!’ అనిపిస్తుంది.

ఆగండి. నెలలో ఆరు క్లాసులైనా రద్దవుతాయి. పిల్లాడికి జ్వరం, మేనమామ పెళ్లి, కరెంటు పోవడం. మిగిలేవి 60 గంటలు, 18,000. ఏప్రిల్ చివర పరీక్షలైపోయాక జూన్‌లో బడులు తెరిచేదాకా ట్యూషన్ అడిగేవాళ్లు పెద్దగా ఉండరు. దసరా, సంక్రాంతి సెలవులూ ఉన్నాయి. పది నెలల రాబడే అనుకుంటే ఏడాదికి 1,80,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 15,000. ఇంటర్నెట్, ఇన్వర్టరు, పుస్తకాలు, ఫోన్ అరుగుదల కలిపి నెలకు ఓ వెయ్యి తీసేస్తే 14,000.

ఇంకోటి. గంట పాఠానికి కనీసం అరగంట తయారీ. నోట్సు దిద్దడం, తల్లిదండ్రుల ఫోన్లు వేరే. అరవై గంటల పాఠానికి తొంభై గంటల పని. అంటే 300 అనుకున్న గంట నిజానికి 200. వెబ్‌సైటు ద్వారా వచ్చిన పిల్లాడైతే, 33 శాతం కమీషన్ పోగా 300లో చేతికొచ్చేది 201. తయారీ సమయం కూడా కలిపితే గంటకు 134 మాత్రమే.

ఇది భయపెట్టడానికి కాదు. ఏడాది పొడవునా నెలకు 14,000 ఇంటికి వస్తే అది చిన్న మొత్తమేమీ కాదు. ఓ పిల్లాడి చదువు గడుస్తుంది, ఇంటి అద్దె కట్టుకోవచ్చు. కానీ ఇరవై వేలు వస్తుందనుకుని వాయిదాల మీద ల్యాప్‌టాప్ కొన్న ఇంటికీ, పద్నాలుగు వేలు వస్తుందని తెలిసి పాత ఫోన్‌తో మొదలుపెట్టిన ఇంటికీ మే నెలలో చాలా తేడా ఉంటుంది.

రాబడి పెంచాలంటే గంటలు పెంచడం ఒక్కటే మార్గం కాదు. ఒకే తరగతి, ఒకే స్థాయి పిల్లలు నలుగురిని కలిపి ఒక్కొక్కరి దగ్గర సగం ఫీజే తీసుకున్నా, గంటకు వచ్చేది రెట్టింపవుతుంది. తల్లిదండ్రులకూ భారం తగ్గుతుంది. నలుగురు దాటితే మాత్రం పిల్లాడి నోట్‌బుక్ కనిపించదు. నోట్‌బుక్ కనిపించకపోతే అది ట్యూషన్ కాదు, టీవీ.

ఎక్కడివాళ్లకు ఎప్పుడు?

విదేశాల్లోని తెలుగువాళ్ల పిల్లలకు చెబితే ఎక్కువ వస్తుందన్న మాటలో నిజముంది. లెక్కలు, తెలుగు, సంగీతం... అడిగేవాళ్లున్నారు. అమెరికాలో 2007లో సిలికానాంధ్ర ‘మనబడి’ మొదలైంది మొదలు, పిల్లలకు తెలుగు రావాలన్న పట్టుదల అక్కడ పెరుగుతూనే ఉంది. అయితే డాలర్ల కంటే ముందు గడియారం చూసుకోవాలి.

న్యూజెర్సీలో సాయంత్రం ఆరయితే కాజీపేటలో తెల్లవారుజాము నాలుగున్నర. వేసవిలో వాళ్లు గడియారం ముందుకు జరుపుతారు కాబట్టి మూడున్నర! కాలిఫోర్నియా అయితే ఉదయం ఏడున్నర, వేసవిలో ఆరున్నర. సరిగ్గా ఇంట్లో టిఫిన్లు, బాక్సులు, బడి బస్సు వేళ. లండన్ పిల్లాడి సాయంత్రం ఆరు మనకు రాత్రి పదిన్నరో, పదకొండున్నరో. దుబాయ్ సులువు, గంటన్నరే తేడా. చాలామంది పట్టించుకోనిది ఆస్ట్రేలియా. సిడ్నీలో సాయంత్రం అయిదంటే మనకు పదకొండున్నర లేదా పన్నెండున్నర. పిల్లలు బడికి, పెద్దలు డ్యూటీకి వెళ్లిపోయి ఇల్లు నిశ్శబ్దంగా ఉండే వేళ. ఇల్లాలికి అంతకంటే అనువైన సమయం ఏముంటుంది?

అమెరికా పిల్లలే కావాలనుకుంటే శని, ఆదివారాలు చూసుకోవచ్చు. న్యూజెర్సీలో శనివారం ఉదయం పదింటికి మనకు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది. నిద్ర చెడగొట్టుకుని చెప్పే పాఠం ఆరు నెలలు మించి సాగదు. ఆరోగ్యం దెబ్బతింటే ఆ డాలర్లు మందుల షాపుకే.

ముందే తెలుసుకోవాల్సినవి

బడిలో పనిచేసే టీచర్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదంటోంది. ఆన్‌లైన్ అయినా ట్యూషన్ ట్యూషనే. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఇది తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి. అందుకే ఈ పని ఎక్కువగా బడి ఉద్యోగంలో లేనివాళ్లకు, రిటైరైన మాస్టార్లకు, చదువు పూర్తయిన యువతకు సరిపోతుంది.

ట్యూషన్ ఫీజు కూడా ఆదాయమే. ఏ నెల ఎంత వచ్చిందో ఓ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. కంపెనీలు చెల్లింపులో పది శాతం టీడీఎస్ పట్టుకుంటే, మన ఆదాయం పన్ను పరిధిలోకి రానప్పుడు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. ఇంటి ట్యూషన్‌కు ఆ బెంగ ఇప్పట్లో ఉండదు.

మోసాల సంగతి వేరే చెప్పాలి. ‘మీకు యాభైమంది విద్యార్థుల్ని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనేవాళ్లను నమ్మొద్దు. పని ఇచ్చేవాడు డబ్బు అడగడు. మరో రకం కూడా ఉంది. ‘నేను ఆర్మీలో పనిచేస్తున్నా, మా పాపకు ట్యూషన్ కావాలి, మూడు నెలల ఫీజు ఇప్పుడే పంపిస్తా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి’ అంటాడు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ నొక్కడం ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ నొక్కితే డబ్బు పోయేది మన ఖాతాలోంచే. పొరపాటున మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత ముందు చేస్తే అంత మంచిది.

తల్లిదండ్రులకూ ఓ మాట. పిల్లాడి పాఠం హాల్లోనో, తలుపు తీసి ఉన్న గదిలోనో జరగాలి. ఫోన్, మెసేజ్ ఏదైనా టీచరు నుంచి అమ్మానాన్నల నంబరుకే రావాలి తప్ప పిల్లలకు విడిగా కాదు. క్లాసు రికార్డు చేయాలంటే ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకోవాలి. మంచి టీచరు ఈ నియమాలు తనే ముందు చెబుతుంది. చెప్పడం వల్ల నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మొదటి మూడు నెలలు

ఉన్న ఉద్యోగం మానేసి ఇందులోకి దూకడం తెలివైన పని కాదు. ఇంట్లో ఉన్నవాళ్లయినా ముందు ఇద్దరు పిల్లలతో, ఒకే సబ్జెక్టుతో, ఒకటి రెండు తరగతులకే మొదలుపెట్టాలి. అన్ని తరగతులకూ అన్ని సబ్జెక్టులూ అనే బోర్డు చూసి ఎవరూ రారు. ‘ఆరు, ఏడు తరగతుల లెక్కలు, తెలుగులో వివరించి ఇంగ్లిష్‌లో రాయిస్తాం’ అంటే ఎవరికి కావాలో వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. ఓ ఫోన్, ఓ స్టాండు, ఓ చిన్న తెల్లబోర్డు, చప్పుడు లేని మూల. జూమ్‌లో డబ్బు కట్టకపోతే 40 నిమిషాలకే క్లాసు ఆగిపోతుంది. మొదట్లో దాన్నే పాఠం నిడివిగా పెట్టుకోవచ్చు. చిన్నపిల్లలకు అంతకు మించి తెర ముందు కూర్చోబెట్టడం కూడా మంచిది కాదు. ఒక్కటి మాత్రం తప్పనిసరి. పిల్లాడి ఫోన్ కెమెరా వాడి ముఖం మీద కాదు, నోట్‌బుక్ మీద ఉండాలి. పెన్సిల్ ఎక్కడ ఆగిందో కనిపిస్తేనే టీచరు పని మొదలవుతుంది.

ఫీజు నెల మొదట్లోనే తీసుకోవాలి. రద్దయిన క్లాసుకు ఏం చేస్తామో ముందే చెప్పుకోవాలి. చుట్టాల పిల్లలైనా సరే, మొహమాటపడితే మూడో నెలకే విసుగొస్తుంది. నెలాఖరున తల్లికి ఫోన్ చేసి ‘అక్కా, బాబుకు భిన్నాలు వచ్చేశాయి, దశాంశాల దగ్గర ఇంకా తడబడుతున్నాడు’ అని రెండు మాటలు చెబితే, ఏ ప్రకటనా చేయలేని పని అది చేస్తుంది. ఆ తల్లి పక్కింటి తల్లికి చెబుతుంది.

మూడు నెలలయ్యాక మళ్లీ కాగితం తీయాలి. ఎన్ని గంటలు పని, ఎంత చేతికొచ్చింది, ఇద్దరు పిల్లలు అయిదుగురయ్యారా, ఉన్న ఇద్దరూ మానేశారా? చెప్పించుకున్నవాళ్లే ఇంకొకరిని పంపితే పని నిలబడ్డట్టే. రోజూ కొత్తవాళ్లను వెతుక్కోవాల్సి వస్తోందంటే ఎక్కడో తేడా ఉంది. అది ఫీజులో కాదు, పాఠంలో ఉందేమో చూసుకోవాలి.

ఈ పనిలో విచిత్రం ఒకటుంది. బాగా చెప్పిన టీచరు దగ్గర పిల్లాడు ఎక్కువకాలం ఉండడు. లెక్కలు వచ్చేస్తే వాడికి ట్యూషన్‌తో పనిలేదు. నెలకింత అని వచ్చే ఫీజు ఆగిపోతుంది. అయినా మంచి టీచర్లు దాన్ని నష్టం కింద రాసుకోరు. ఎందుకంటే వచ్చే జూన్‌లో వాడి చెల్లెలు చేరుతుంది.